ముప్పై ఏడేండ్లకు ఓపెన్ టెన్త్ కట్టొచ్చా? లెక్కలు తీసుకోవాల్నా వద్దా?

సూదిదారం · జూలై 9, రాత్రి 10:52

అందరికీ నమస్తే. నేను ఈ గ్రూపుల చదువుడే గాని ఎప్పుడు రాయలె, ఫోన్ల టైప్ చేస్తున్న, తప్పులుంటే ఏమనుకోకుండ్రి. మాది నల్గొండ దిక్కు. తొమ్మిదో తరగతి పరీక్షలు అయిన నెలకే పెండ్లి చేసిండ్రు, అప్పటి సంది కుట్టుమిషినే. ఇరవై ఏండ్లు దాటింది. మా దగ్గర ఆడోళ్ళకు కుట్టు నేర్పే సెంటర్ పెడుతున్నరు, నేర్పే మనిషి కావాలంటే పోయిన, నా పని చూసి మంచిగున్నది అన్నరు, తర్వాత టెన్త్ మెమో ఏదన్నరు. లేదన్న. ఇగ అంతే. నా దగ్గర రెండేండ్లు నేర్చుకున్న పిల్లకే ఆ పని ఇచ్చిండ్రు, ఆ పిల్ల టెన్త్ పాస్. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు, మొన్న కూడ ఇంటికొచ్చి ప్రిన్సెస్ కట్‌కు మార్కింగ్ ఎట్ల చేసి చూపియ్యాలె అక్కా అని అడిగిపోయింది.

మా బిడ్డ ఇప్పుడు టెన్తే. ఇద్దరం ఒక్కసారే రాస్తే నవ్వుతరా అని ఒక భయం. ఓపెన్ టెన్త్‌కు వయసు లిమిట్ ఉన్నదా, రోజు బడికి పోవాల్నా, లెక్కలు లేకుంట పాస్ కావొచ్చంటున్నరు నిజమేనా. టీసీ ఎక్కడున్నదో తెల్వదు. జర చెప్పుండ్రి.

ఎర్రమట్టి · జూలై 9, రాత్రి 11:20

అక్కా, నిక్షేపంగా కట్టొచ్చు. పద్నాలుగేండ్లు నిండింటే చాలు, పైన లిమిట్ లేదు. నేను అనంతపురంలో ముప్పై మూడేండ్లప్పుడు కట్టినా, మా క్లాసులో ఒకాయప్పకి అరవై దాటినాయి, మనవణ్ణి సైకిల్ మీద తెచ్చి వరండాలో కూర్చోబెట్టి క్లాసుకొచ్చేవాడు. రోజూ పోయే పని లేదు, ఆదివారాలు, సెలవులప్పుడు స్టడీ సెంటర్లో క్లాసులుంటాయి. అయిదు సబ్జెక్టులు. అన్నీ ఒకేసారి పాస్ కావాల్సిన పనీ లేదు, అయిదేండ్ల లోపల తొమ్మిది సార్లు రాసుకోవచ్చు, పాసైంది పాసైనట్టే ఉంటుంది. మా ఏపీలో ఓపెన్ స్కూల్ సొసైటీ 1991 నుంచి ఉండాది, మీకు రాష్ట్రం విడిపోయినాక తెలంగాణది వేరే, టాస్ అంటారు. రూల్స్ ఇంచుమించు ఒకటే.

నవ్వేవాళ్ళు నవ్వనీ. మా వీధిలో నవ్విన ఆయమ్మే తర్వాత నా పుస్తకాలు అడిగి తీసుకుపోయింది, ఇంతవరకూ తిరిగియ్యలేదు.

లెక్కల మాస్టారు (రిటైర్డ్) · జూలై 10, ఉదయం 5:41

అమ్మా సూదిదారం గారూ, పన్నెండేళ్ళపాటు ఆదివారాలు ఓపెన్ స్కూల్ క్లాసులు చెప్పినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

భాషలు ఒకటి గానీ రెండు గానీ తీసుకోవాలి. మిగతావి లెక్కలు, సైన్సు, సోషలు, ఎకనామిక్స్, బిజినెస్ స్టడీస్, హోమ్ సైన్స్, సైకాలజీ, భారతీయ సంస్కృతి వారసత్వం, ఇలాంటి వాటిలోంచి ఎంచుకోవచ్చు. లెక్కలు లేకుండా పాస్ కావచ్చన్నది నిజమే. పాస్ మార్కు సబ్జెక్టుకి 35. ఆడవాళ్ళకీ ఎస్సీ ఎస్టీలకీ వికలాంగులకీ ఫీజులో తగ్గింపు ఉంటుంది, ఎంతన్నది ఈ సంవత్సరం ప్రాస్పెక్టస్‌లో చూడండి, వాట్సాప్‌లో తిరిగే పాత కాగితాలు నమ్మకండి.

ఇక నా మాట. లెక్కలు తీసుకోండి. మీరు కుట్టుపని చేస్తారు కదా, 36 ఛాతీకి నాలుగో వంతు ఎంతో, దాని మీద కుట్లకి ఎంత వదలాలో రోజుకి పదిసార్లు మనసులోనే వేసుకుంటారు. భిన్నాలు మీకు వచ్చు. వచ్చని మీకు తెలియదు, అంతే.

గోదారిగట్టు · జూలై 10, ఉదయం 9:15

ఎందుకండీ అంత తిప్పలు, ఈ వయసులో పుస్తకాలు పట్టుకుని కూర్చుంటారా ఏంటి. మా ఫ్రెండుకి తెలిసినాయన ఉన్నారండి, నెల రోజుల్లో టెన్త్ మెమో చేతికి వచ్చేస్తది, వేరే రాష్ట్రం బోర్డు, పరీక్ష కూడా పేరుకేనండి. నంబరు ఇమ్మంటే ఇస్తానండి

తలకిందులు · జూలై 10, ఉదయం 9:48

గోదారిగట్టు గారు, దయచేసి ఆ నంబర్ మీ దగ్గరే ఉంచుకోండి. మా మేనల్లుడు అలాగే తెచ్చాడు. ఏడాదిన్నర సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా చేశాక కంపెనీ వెరిఫికేషన్‌కి పంపింది, అలాంటి బోర్డే లేదని వచ్చింది. ఉద్యోగం పోతే పోయింది, కేసు పెట్టలేదు అదే అదృష్టం. దేశంలో గుర్తింపు ఉన్న స్కూల్ బోర్డులన్నిటికీ కలిపి కాబ్సే అని ఒక మండలి ఉంది, అందులో ఏ బోర్డులు సభ్యులో లిస్టు ఉంటుంది, డబ్బు కట్టేముందు కనీసం అది చూడాలి కదా అని వాణ్ణి అప్పుడు తిట్టాను, ఏం లాభం.

నా కథ ఇంకో రకం. నేను పది పాస్ కాకుండానే డిగ్రీ చేశాను. నవ్వకండి, అప్పట్లో అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ (1982లో పెట్టినప్పుడు ఉత్త ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీయే) ఎలిజిబిలిటీ టెస్ట్ ఒకటి పెట్టేది, అది రాస్తే ఇంటర్ లేకపోయినా డిగ్రీలో చేరొచ్చు. చేరాను, బీఏ పాసయ్యాను, ఫోటో ఫ్రేమ్ కట్టించాను. తీరా ప్రమోషన్ దగ్గర పది ఏది ఇంటర్ ఏది అన్నారు. నలభై నాలుగేళ్ళకి పది కట్టాను, నలభై ఆరుకి ఇంటర్. బంధువులంతా వచ్చే ఏడు ఎల్కేజీనా అని అడిగారు.

మోడరేటర్ · జూలై 10, ఉదయం 10:30

నెలలో మెమో, గ్యారంటీ పాస్ లాంటి నంబర్లు ఇక్కడ పెడితే పోస్టు తీసేస్తాం, రెండోసారి పెడితే మనిషినే తీసేస్తాం. గోదారిగట్టు గారి పోస్టు ఉంచుతున్నాం, దానికొచ్చిన జవాబు చదవాలి కాబట్టి.

ఎడారిఒంటె · జూలై 10, సాయంత్రం 6:05

నాది గూడ ఇదే ముచ్చట. జగిత్యాల నుంచి వచ్చి దోహాల ఉంటున్న, ఆరేండ్లాయె. టెన్త్ లెక్కలల్ల పోయింది, మల్ల రాయలే. నా పాస్‌పోర్టు ఈసీఆర్. అంటే పరదేశం పనికి పోయే ముందు సర్కారు క్లియరెన్స్ తీసుకోవాలె అన్న ముద్ర. టెన్త్ పాసైతే ఆ ముద్ర పోతదంట గద, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ లొల్లి ఉండదంట. అందుకోసం ఓపెన్ టెన్త్ కడుదామనుకుంటున్న. పరీక్షకు రావాలంటే లీవు దొరకదు, ఏం చేయాల్నో సమజైతలేదు.

విశాఖఅల · జూలై 10, సాయంత్రం 7:22

ఒంటె బ్రదర్, ఆగండి. టెన్త్ పాసైతే ఈసీఆర్ పోతుంది, కరెక్టే. కానీ మీకు ఆ టెన్త్ అక్కర్లేదు. విదేశంలో మూడేళ్ళకి మించి ఉన్నవాళ్ళకీ నాన్ ఈసీఆర్ ఇస్తారు, యాభై దాటినవాళ్ళకీ ఇస్తారు. ఆరేళ్ళున్నారు కదా, వీసా స్టాంపులూ రెసిడెన్స్ కాగితాలూ పట్టుకుని రెన్యువల్ అప్పుడు అడగండి. అసలు ఆ క్లియరెన్స్ కూడా గల్ఫ్, మలేషియా అవీ కలిపి 18 దేశాలకి పనికి వెళ్ళేవాళ్ళకే.

చదువు కోసమే అయితే ఎన్ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) చూడండి, నేను అందులోనే చేశాను. సెంట్రల్‌ది, 1989లో మొదలైంది, తెలుగు మీడియం కూడా ఉంది, గల్ఫ్‌లో కొన్ని దేశాల్లో సెంటర్లున్నాయి. పాస్ మార్కు 33. అసైన్‌మెంట్లకి 20 శాతం ఉంటుంది, ఇంటి దగ్గర రాసి ఇవ్వడమే కదా అని నేను నిర్లక్ష్యం చేసి ఒక సబ్జెక్టులో ఆ 20కి సున్నా తెచ్చుకున్నాను, మీరు అలా చేయకండి. ఏప్రిల్ మే, అక్టోబర్ నవంబర్ రెండు దఫాలు పరీక్షలు. అవి కాక ఆన్ డిమాండ్ అని ఒకటి ఉంది, మనం రెడీ అనుకున్నప్పుడు డేట్ బుక్ చేసుకుని రాయొచ్చు, నేను సైన్స్ అలాగే హైదరాబాద్ వెళ్ళి రాశాను.

ఎడారిఒంటె · జూలై 10, రాత్రి 9:40

అన్నా నిజమా. ఆరేండ్ల సంది ఎవ్వడు చెప్పలే ఈ మాట. ఏజెంటు అయితే టెన్త్ మెమో నేను చేయిస్త అని ఓ రేటు గూడ చెప్పిండు.

డల్లాస్‌పిన్ని · జూలై 11, ఉదయం 7:13

నేనూ ఒకటి చెప్తా. ఇంటర్ మధ్యలో మానేసి పెళ్ళి చేసుకుని ఇక్కడికొచ్చా. స్కూల్లో క్లాస్‌రూమ్ ఎయిడ్ పని ఉందంటే హైస్కూల్ డిప్లొమా అడిగారు, అలా ఆ డిప్లొమాకి సమానమైన జీఈడీ పరీక్ష రాశా. ఇక్కడ అయిదు లేవు, నాలుగే: లెక్కలు, ఇంగ్లీష్, సైన్స్, సోషల్. ఒక్కోదానికి 145 రావాలి, 200కి. కంప్యూటర్ మీదే మొత్తం. నాలుగూ ఒకే రోజు రాయక్కర్లేదు, నేను ఆర్నెల్లు తీసుకున్నా. సోషల్ అంటే మన అశోకుడూ శాతవాహనులూ కాదు కదా, వాళ్ళ రాజ్యాంగం, వాళ్ళ సివిల్ వార్, మా పాపే నాకు చెప్పింది. యుద్ధానికెళ్ళి చదువు ఆగిపోయిన సైనికుల కోసం 1942లో మొదలుపెట్టారట ఈ పరీక్ష. ఎక్కడైనా అంతే అన్నమాట, యుద్ధానికైనా పెళ్ళికైనా.

సూదిదారం గారూ, బ్లౌజులు పార్శిల్ చేస్తారా? ఇక్కడ కుట్టించుకోవాలంటే చీర కంటే జాకెట్టు ఖరీదు.

సూదిదారం · జూలై 11, రాత్రి 10:15

ఇంతమంది రాస్తరనుకోలె. డల్లాస్ అక్కా పార్శిల్ సంగతి తర్వాత మాట్లాడుకుందం, ముందు కొలత జాకెట్టు పంపియ్యాలె మీరు.

మా పాత బడికి పోయిన. పెద్ద రిజిస్టర్ తీసి చూసిండ్రు, నా పేరు ఉన్నది. సార్ ఏలు పెట్టి చూపించిండు, నీలం సిరాతోని రాసి ఉన్నది, మా నాయన సంతకం పక్కకు ఉన్నది. నాయన పోయి పదకొండేండ్లు. ఆయన సంతకం చేసేటప్పుడు చివరికి ఒక గీత గీస్తుండె, అది కూడ ఉన్నది. ఫోటో తీసుకుంట అంటే తీసుకోనిచ్చిండు.

అయితే లొల్లి ఏందంటే రిజిస్టర్ల పుట్టిన తేదీ ఒకటి, ఆధార్ల జనవరి 1. ఇంటిపేరు రిజిస్టర్ల మా అమ్మగారిది, ఆధార్ల మా ఆయనది. ఇప్పుడు ఏది రాయాలె?

లెక్కల మాస్టారు (రిటైర్డ్) · జూలై 12, ఉదయం 5:30

ఇది ముందు చూసుకున్నారు, మంచి పని. చాలామంది మెమో వచ్చాక ఏడుస్తారు. ఆధార్‌లో జనవరి 1 అన్నది సగం దేశానికి ఉన్న పుట్టినరోజు, తేదీ చెప్పలేకపోతే వయసుని బట్టి వేసేశారు. మా తరంలో హెడ్మాస్టర్లు జూన్ నెలలోనో జులై ఒకటిననో పుట్టించేవాళ్ళు, ఆరోజుల్లో అడ్మిషన్‌కి అయిదేళ్ళు నిండాలి కదా.

పది మెమోలో పడ్డ తేదీయే ఇక జన్మంతా మీ పుట్టినతేదీ. పాస్‌పోర్టుకీ పెన్షన్‌కీ దాన్నే చూస్తారు. కాబట్టి ముందు ఆ రికార్డు షీటు తీసుకోండి, దాన్ని చూపించి ఆధార్ సరిచేయించుకోండి. ఆధార్‌లో పుట్టినతేదీ ఒక్కసారే మారుస్తారు, పేరు రెండుసార్లు. అందుకని ఒక్కసారికే అక్షరం అక్షరం చూసుకోండి. ఇంటిపేరు బడి రికార్డులో ఉన్నదే ఉంచమని నా సలహా, మెమోలో తల్లిదండ్రుల పేర్లుంటాయి కాబట్టి.

ఎర్రమట్టి · జూలై 12, ఉదయం 8:02

మాస్టారు చెప్పింది నూటికి నూరు. నా ఇంటర్ అప్పుడు ఇంగ్లీషులో పేరు చివర ఒక అక్షరం తేడా వచ్చి మూడు నెలలు తిరిగినా.

కానీ మాస్టారూ, లెక్కల దగ్గర నేను ఒప్పుకోను. అక్కకి కావాల్సింది మెమో. ఆయమ్మకి పాలిటెక్నిక్ పోయే పనుందా, ఏముందా. హోమ్ సైన్సు, సైకాలజీ తీసుకుంటే హాయిగా బయటపడుతుంది. నేను లెక్కలు తీసుకోలేదు, నాకేం తక్కువైంది? ఇరవై ఏండ్లు పుస్తకం ముట్టనోళ్ళకి సైన్ తీటా కాస్ తీటా అంటే పుస్తకం మూసేసి పోతారు, అట్ల పోయినోళ్ళని మా సెంటర్లోనే నలుగుర్ని చూసినా.

లెక్కల మాస్టారు (రిటైర్డ్) · జూలై 12, ఉదయం 11:45

మీరన్నదాంట్లో న్యాయం ఉందమ్మా. నేను కూడా అందరికీ తీసుకోమని చెప్పను. పాలిసెట్ రాయాలనుకునే కుర్రాళ్ళకి మాత్రం లెక్కలు వదలొద్దని గట్టిగా చెబుతాను, పదిలో లెక్కలు లేకపోతే ఆ దారి మూసుకుపోతుంది, చేరాక తెలుసుకుని లాభం లేదు.

ఈమెకి చెప్పడానికి కారణం వేరే. 90ల మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రి బడుల్లో వాలంటీరుగా తిరిగాను. అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు తర్వాత అడిగింది పద్యాలు కాదు, షావుకారు రాసుకున్న చిట్టా చదవడం నేర్పమన్నారు. దూబగుంటలో సారా ఉద్యమం లేచింది ఆ చదువుల్లోంచే అని అందరికీ తెలుసు, కానీ ఆ చిట్టా సంగతి ఎవరూ రాయరు. ఒక ముసలావిడ నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఎంతవుతుందో నాచేత పలక మీద వేయించుకుంది. నూటికి ఇరవై నాలుగు అన్నాను. పదివేలు తీసుకుంటే ఏడాదికి 2,400. రెండేళ్ళకి 4,800 అని ఆవిడే చెప్పింది. కాదమ్మా, షావుకారు మొదటి ఏడు వడ్డీని అసల్లో కలిపేశాడు, 12,400 మీద మళ్ళీ వేస్తే 2,976, మొత్తం 5,376 అయిందన్నాను. ఆ ఎక్కువొచ్చిన 576 ఎందుకొచ్చిందో ఆవిడకి అర్థం కావడానికి రెండు రాత్రులు పట్టింది. చక్రవడ్డీ పాఠం అంటే నాకు ఇప్పటికీ ఆ పలకే.

విశాఖఅల · జూలై 12, మధ్యాహ్నం 12:10

మాస్టారూ లెక్కల క్లాస్ ఇక్కడే మొదలెట్టేశారు

సూదిదారం · జూలై 12, రాత్రి 11:05

తీసుకుంట సార్. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, సోషల్, హోమ్ సైన్సు. ఎర్రమట్టి అక్కా కోపం చేసుకోకు. మా దగ్గర డ్వాక్రా లోను లెక్కలు నాకు ఎప్పుడు అర్థం కాలె, అందుకే.

ఎర్రమట్టి · జూలై 12, రాత్రి 11:31

కోపమేం లేదు గానీ తీటా వచ్చినప్పుడు నన్ను తల్చుకో.

ముగ్గుచుక్క · ఆగస్టు 3, మధ్యాహ్నం 3:17

మధ్యలో వస్తున్నా సారీ. నాకు 22. రెగ్యులర్ టెన్త్‌లో సైన్స్, మ్యాథ్స్ పోయాయి మిగతావన్నీ పాస్. ఓపెన్‌లో మళ్ళీ అన్నీ రాయాలా?

లెక్కల మాస్టారు (రిటైర్డ్) · ఆగస్టు 3, సాయంత్రం 4:40

అక్కర్లేదు. పాసైన వాటిలో రెండు సబ్జెక్టుల దాకా మార్కులు ఇక్కడికి బదలాయించుకోవచ్చు, టీఓసీ అంటారు. అడ్మిషన్ అప్పుడే అప్లికేషన్‌లో గుర్తు పెట్టాలి, పాత మెమో ఒరిజినల్ జతచేయాలి. తర్వాత అడిగితే వినరు. మిగతా మూడు రాస్తే సరి.

సూదిదారం · డిసెంబర్ 18, రాత్రి 11:48

మస్తు దినాలైంది ఈడ రాయక. పండుగల సీజన్ల పని ఎక్కువైంది. పుస్తకాలు అక్టోబర్ల వచ్చినయి. ఆదివారం క్లాసులకు పోతున్న, మొదట్ల ముప్పై మంది ఉంటిమి ఇప్పుడు పన్నెండు మంది.

ఒకటి అడగాలె. చదువుడు పర్వాలేదు, గుర్తుంటున్నది. రాసుడు అయితలేదు. ఒక పేజీ రాసేసరికి బొటనవేలు కింద గుంజుతున్నది, రెండో పేజీకి అక్షరం వంకర పోతున్నది. కత్తెర పట్టిన చెయ్యి సార్ ఇది, పొద్దంత లైనింగ్ గుడ్డ కత్తిరిస్త ఏం కాదు, పెన్ను పడితె నొస్తది. మూడు గంటల పరీక్ష ఎట్ల రాయాలె? మా బిడ్డ ఏమో అమ్మా నువ్వు పెన్నును సూది లెక్క పట్టుకుంటున్నవ్ అంటది.

తలకిందులు · డిసెంబర్ 19, ఉదయం 6:55

అబ్బ, ఇది ఎవరూ చెప్పరు కానీ అందరికీ ఉండేదే. నేను పరీక్షకి రెండు నెలల ముందు నుంచీ రోజూ ఈనాడు ఎడిటోరియల్ చూసి రాసేవాణ్ణి. అర్థం చేసుకోవడానికి కాదు, చెయ్యి తిరగడానికి. మొదటివారం పది లైన్లు. గడియారం పెట్టుకోండి, లైన్లు లెక్కపెట్టకండి. పెన్ను లావుది కొనుక్కోండి, సన్న రీఫిల్ వద్దు. ఇంకోటి, నేల మీద కూర్చుని రాయడం అలవాటైతే పరీక్షలో బెంచీ మీద ఇబ్బందవుతుంది, మీ మిషన్ బల్ల మీదే రాయండి.

ఎర్రమట్టి · డిసెంబర్ 19, ఉదయం 9:10

పాపం చౌతాలా కూడా, హర్యానా మాజీ ముఖ్యమంత్రి, 2021లో 86 ఏండ్లకి పది ఇంగ్లీషు పరీక్ష రాసినాడు సిర్సాలో, ఆయనకి చెయ్యి దెబ్బ తగిలి వేరే పిల్లతో రాయించినారు. ముఖ్యమంత్రులకే ఇంగ్లీషు మిగిలిపోయిందంటే మనమెంత అక్కా.

క్లాసుకి పన్నెండు మందే వస్తాండారు అన్నావే, మిగతావాళ్ళు యాడికి పోయినారో నేను చెప్తా. పరీక్ష టైముకి మళ్ళీ వస్తారు, చూడు. నీ దగ్గరికి కూడా ఒకరొచ్చి అడుగుతారు. నువ్వు ఇయ్యాకు.

సూదిదారం · డిసెంబర్ 19, రాత్రి 10:02

ఏమడుగుతరు అక్కా?

ఎర్రమట్టి · డిసెంబర్ 19, రాత్రి 10:06

వచ్చినప్పుడు నీకే తెలుస్తాది.

సూదిదారం · మే 2, సాయంత్రం 5:20

పరీక్షలు అయిపోయినయి. జరిగింది జరిగినట్టు రాస్త, సెంటర్ పేరు మాత్రం చెప్ప, అడగకుండ్రి.

ఎర్రమట్టి అక్కా నువ్వన్నట్టే అయింది. హాల్‌టికెట్ తీసుకున్న రోజే ఒకాయన పక్కకు పిలిచి సబ్జెక్టుకు ఇంత ఇస్తే "చూసుకుంటం" అన్నడు. మా దాంట్ల ఎక్కువ మంది ఇచ్చిండ్రు. మా ఆయన కూడ ఇద్దామన్నడు, నిజం చెప్పాలె గద, ఒక రాత్రంత మాకు ఇదే గొడవ. ఆయన మాట ఏందంటే ఇరవై జాకెట్ల పైసలు పోతయి అంతే, ఏడాది కష్టం ఉండది. నా మాట ఏందంటే ఏడాది కష్టం ఆల్రెడీ పడ్డ గద ఇగ పైసలెందుకు. ఇయ్యలె.

లెక్కల రోజు మధ్యాహ్నం రెండున్నరకు పరీక్ష, ఎండ ఎట్లున్నదో చెప్పనక్కర్లేదు, మా రూముల ఫ్యాను తిరుగుతలేదు. బెంచీ చిన్నపిల్లలది, మోకాళ్ళు తగులుతున్నయి, పక్కకు తిరిగి కూర్చొని రాసిన. గంట కాంగనే చిట్టీలు వచ్చినయి. నేను పైసలియ్యలేదు గాని ఎనక పిల్లగాడు జాలిపడి ఒకటి నా బెంచీ మీద పెట్టిండు. ఎనిమిది వేలకు నూటికి అయిదు చొప్పున రెండేండ్లకు చక్రవడ్డీ ఎంత అని ప్రశ్న. చిట్టీల 800 అని ఉన్నది. నేను అప్పటికే వేసిన, 820 వచ్చింది. ఒక్క నిమిషం పానం ఆగినట్టయింది సార్, నాదే తప్పేమో కొట్టేద్దామా అనుకున్న. మల్ల వేసిన. మొదటి ఏడు 400, ఎనిమిదివేల నాలుగు వందల మీద 420. మల్ల 820. మాస్టారు గారి ముసలమ్మ పలక గుర్తొచ్చింది. చిట్టీ రాసినోడు బారువడ్డీ వేసిండు. రూము మొత్తం 800 రాసిండ్రు.

ఆ పిల్లగానికి మెల్లగ చెప్పిన, తమ్మీ 820 అని. ఆయన నన్ను చూసి చిట్టీని చూసి 800 రాసుకున్నడు.

ఇంగ్లీషు మంచిగ రాయలె. హోమ్ సైన్సుల గుడ్డల మీద ప్రశ్న వచ్చింది, నూలు ఎట్ల గుర్తుపడుతరు అని, కాలిస్తే ఏ వాసన వస్తదో కూడ రాసిన, అడిషనల్ అడిగి తీసుకున్న.

లెక్కల మాస్టారు (రిటైర్డ్) · మే 2, సాయంత్రం 6:01

820 కరెక్టు.

లెక్కల మాస్టారు (రిటైర్డ్) · మే 2, సాయంత్రం 6:14

ఇందాక ఇంకేం రాయాలో తెలియక ఆపేశాను. మీరు సొంతంగా వేసి, మళ్ళీ వేసి చూసుకున్నారు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో పిల్లలకి నేను నేర్పలేకపోయింది ఆ మళ్ళీ వేసి చూసుకోవడమే.

గోదారిగట్టు · మే 2, రాత్రి 8:30

అప్పుడు ఏదో అన్నానండి, మనసులో పెట్టుకోకండి. మా ఆవిడ మీ పోస్టు చదివి నన్ను ఒక చూపు చూసిందండి. తను ఎనిమిదితో ఆపేసింది. ఈ జూలైలో కట్టిద్దామనుకుంటున్నామండి, ఏపీలో అడ్మిషన్లు ఎప్పుడో ఎవరైనా చెప్తారా

ఎర్రమట్టి · మే 2, రాత్రి 8:44

నోటిఫికేషన్ వస్తానే ఇక్కడ పెడ్తా అన్నా. వదినని నేరుగా ఇక్కడికి రమ్మను, నీ ద్వారా వద్దు.

సూదిదారం · జూన్ 6, రాత్రి 9:33

రిజల్ట్ వచ్చింది. తెలుగు 71, లెక్కలు 58, సోషల్ 49, హోమ్ సైన్సు 77. ఇంగ్లీషు 31.

నాలుగు మార్కులు. మా బిడ్డ రెగ్యులర్‌ల మంచిగ పాసైంది, అది నన్ను పట్టుకొని ఏడ్చింది, నాకైతే ఏడుపు రాలె, నవ్వొచ్చింది, పైసలిచ్చినోళ్ళల్ల నలుగురికి లెక్కలు పోయినయి. ఎనక పిల్లగాడు పాసైండు.

కుట్టు సెంటర్ల ఇంకో మనిషి కావాలంటున్నరంట, అది కూడ ఇప్పుడు చేతికి రాదు. సరే. రీకౌంటింగ్ పెట్టాల్నా, మల్ల రాయాల్నా?

తలకిందులు · జూన్ 6, రాత్రి 9:50

రీకౌంటింగ్ అంటే మార్కుల కూడిక సరిచూడటమే, మళ్ళీ దిద్దరు. కూడికలో నాలుగు తేడా వస్తే అదృష్టం. దాన్ని నమ్ముకుని ప్రిపరేషన్ ఆపకండి, ఇంగ్లీషు ఒక్కదానికే ఫీజు కట్టి సప్లిమెంటరీ రాయండి. మిగతా నాలుగూ ఎక్కడికీ పోవు.

డల్లాస్‌పిన్ని · జూన్ 7, ఉదయం 6:20

ఇంగ్లీష్ నాకొదిలెయ్యండి. శనివారం మీ రాత్రి, నా పొద్దున, వీడియో కాల్‌లో గంట. ఫీజు రెండు ప్రిన్సెస్ కట్‌లు, లైనింగ్‌తో. ఎక్కడ పోయాయో ముందు అది చెప్పండి.

సూదిదారం · జూన్ 7, రాత్రి 10:40

వాక్యాలు సరిచేసే దాంట్ల పోయినయి అక్కా. నా గురించి రాయమన్న దాంట్ల "ఐ యామ్ స్టిచింగ్ సిన్స్ ట్వంటీ ఇయర్స్" అని రాసిన, అది తప్పని బిడ్డ చెప్పింది. నాకు ఎందుకు తప్పో సమజ్ కాలె. ఇరవై ఏండ్ల సంది కుడుతున్న అంటే అదే గద.

డల్లాస్‌పిన్ని · జూన్ 8, ఉదయం 7:05

మీ మొదటి పోస్టు ఇప్పుడే వెనక్కి పోయి చూశా. "అప్పటి సంది కుట్టుమిషినే" అని రాశారు. పెళ్ళి అప్పటి సంది అంటే సిన్స్, ఎందుకంటే ఎప్పుడు మొదలైందో చెప్తున్నారు. ఇరవై ఏండ్ల సంది అంటే ఫర్, ఎన్నాళ్ళో చెప్తున్నారు. ఇంకా కుడుతూనే ఉన్నారు కాబట్టి "హావ్ బీన్ స్టిచింగ్". మనకి రెండు చోట్లా సందే, వీళ్ళకి రెండు మాటలు.

సూదిదారం · జూన్ 8, రాత్రి 10:12

మనకు ఒక్క మాటతోని అయితుంటే వాళ్ళకు రెండెందుకు అక్కా. సరే రాసుకున్న. రేపు మీసేవకు పోయి ఇంగ్లీషు ఫీజు తారీఖు అడిగొస్త. కొలత జాకెట్టు ఎప్పుడు పంపుతున్నవ్?